వేసవి దాటి బడికి తిరిగొచ్చిన ఆడపిల్లలు

రెండువందల ఏళ్ల కిందటి తెలుగు పల్లెలో వీధిబడికి ఏడాది ముగింపంటూ ఉండేది కాదు. పాడ్యమికీ అష్టమికీ, అమావాస్యకీ పున్నమికీ పంతులు సెలవిచ్చేవాడు. కోతల రోజుల్లో కాపు పిల్లలు పొలానికి పోతే బడి పలచబడేది. ఏడాది చివర ఫలితాలు చదవడం, పై తరగతికి పంపడం, వేసవికి తలుపులు మూయడం ఏవీ లేవు. ఉన్నదల్లా దసరా. ఆ రోజుల్లో బడి బడంతా వీధిలోకి వచ్చేది. కొత్త బట్టలు కట్టుకున్న పిల్లలు రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లంబులు పట్టుకుని, పంతులు వెంట వరసగా నడిచి, ఇంటింటి ముందూ నిలబడి పద్యాలు పాడేవారు. గృహస్థు మీద పూలూ బుక్కాగుండా చల్లేవారు. ఆయన పంతులు చేతిలో డబ్బో ధాన్యమో పెట్టి, పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లాలు పోసేవాడు. ఎవరి పిల్లవాడు ఎన్ని పద్యాలు నేర్చాడో, పంతులు ఏపాటి చెప్పాడో ఊరికి తెలిసే రోజు అదే.

ఆ వరసలో ఆడపిల్లలు ఉండేవారు కారు. అన్న వీధిలో పాడుతుంటే చెల్లెలు గడప లోపల అమ్మ పక్కన నిలబడి చూసేది.

ఆమె గడప దాటి బడి వరసలోకి రావడానికి తరాలు పట్టింది. వచ్చాక బడిలో నిలవడం ఇంకా కష్టమైంది. ఆ కష్టం ఏటా ఒక నిర్ణీత సమయానికి ఎదురయ్యేది. పరీక్షలు అయిపోయి, బడి వేసవి సెలవులకు మూసే రోజుల్లో అది మొదలయ్యేది. మగపిల్లల బడికి ఆ రోజులు ఆటవిడుపు. బాలికా పాఠశాలకు మాత్రం అవి గండం కూడా. ఈ రోజు ఇంటికి వెళ్తున్న పిల్లల్లో ఎందరు జూన్‌లో తిరిగి వస్తారన్నది ఆ బడి నడిపేవారిని నిద్రపోనివ్వని ప్రశ్న. ఏడాది చివరి బహుమతుల సభ, తల్లుల పిలుపు, పాటలు, కోలాటాలు వీటన్నిటి వెనకా ఆ ప్రశ్నే ఉంది.

గడప లోపలి పిల్లలు ఎందరో తెలిసేలా మొదటిసారి లెక్క తీయించిన మనిషికి ఇప్పటి తమిళనాడులోని ధర్మపురితో అనుబంధం ఉంది. జోలార్‌పేట నుంచి సేలం పోయే రైలు దారిలో ధర్మపురి జిల్లాలోని మొరప్పూరు స్టేషను వస్తుంది. ఆ చుట్టుపక్కల నేలను ఒకప్పుడు బారామహల్ అనేవారు. 1792లో అది టిప్పు సుల్తాను నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. శిస్తు లెక్కలు తేల్చడానికి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద వచ్చిన యువ సైనికాధికారి థామస్ మన్రో 1799 దాకా అక్కడే ఉన్నాడు. ధర్మపురిలో ఆయన పేర స్మారక స్తంభం ఉంది. తరవాత 1800 నుంచి 1807 వరకూ దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమ అంతా తిరిగాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు.

1822 జూన్ 25న మన్రో ఒక ఉత్తర్వు రాశాడు. ప్రతి కలెక్టరూ తన జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఏయే కులాల పిల్లలు చదువుతున్నారో, మగపిల్లలెందరో ఆడపిల్లలెందరో విడివిడిగా పట్టీ వేసి పంపాలి. జవాబులు రావడానికి మూడేళ్లు పట్టింది. 1826 మార్చిలో తేలిన మొత్తం ఇది: మద్రాసు రాజధాని అంతటా 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. అందులో మగపిల్లలు 1,84,110. ఆడపిల్లలు 4,540. అంటే నూటికి ముగ్గురు కూడా కారు.

తెలుగు, కన్నడ పల్లెలు కలిసి ఉన్న బళ్లారి జిల్లా నుంచి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక వీటిలో పేరుపొందింది. అప్పటి బళ్లారిలో ఇప్పటి అనంతపురం ప్రాంతమూ కలిసి ఉండేది. 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క చెప్పి, పిల్లవాడికి ఐదో ఏట అక్షరాభ్యాసం ఎలా చేస్తారో, ఇసుకలో వేలితో ఎలా దిద్దిస్తారో, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు ఎలా చెబుతారో ఆయన వివరంగా రాశాడు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఆడవాళ్లకు చదువు కూడదన్న నమ్మకం పెద్ద కులాల్లో గట్టిగా ఉందనీ, రాజధానిలో చదువుకుంటున్న ఆడపిల్లల్లో ఎక్కువమంది గుడిలో ఆడిపాడే దేవదాసీ కుటుంబాల వారనీ ఆ విచారణలో తేలింది.

ధర్మపురికి పాత పేరు తగడూరు. సంగం కాలంలో దాన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయ తనకు దొరికితే తాను తినకుండా అవ్వైయారుకు ఇచ్చాడని తమిళులు చెప్పుకుంటారు. అవ్వైయారు కవయిత్రి, ఆ రాజు తరపున దౌత్యానికి వెళ్లిన మనిషి. కొన్ని వందల ఏళ్ల తరవాత అదే పేరుతో మరో అవ్వై వచ్చి పిల్లలకు నీతులు చెప్పే ఆత్తిచూడి రాసింది. తమిళ బడుల్లో పిల్లలు తరతరాలుగా మొదట వల్లెవేసేది దాన్నే. ఒక స్త్రీ రాసిన పాఠంతో చదువు మొదలయ్యే నేలలోనూ 1822 నాటికి ఆడపిల్లకు బడిలో చోటు లేనట్టే.

పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి బడి స్వరూపం మారింది. 1854 నాటి ఉడ్ విద్యా పత్రం ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంట్లు ఇవ్వాలనీ, ఆడపిల్లల చదువును ప్రోత్సహించాలనీ చెప్పింది. 1860ల చివరి నుంచి మద్రాసు రాజధానిలో పరీక్ష ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇనస్పెక్టరు వచ్చి పిల్లల్ని నిలబెట్టి చదివించి, రాయించి, లెక్కలు చేయించి చూసేవాడు. ఎంతమంది గట్టెక్కితే అంత డబ్బు. దాంతో ఏడాదికో పరీక్ష, పరీక్ష తరవాత సభ, సభ తరవాత సెలవులు అనే వరస కుదిరింది. చాంద్రమానపు సెలవుల స్థానంలో క్యాలెండరు సెలవులు వచ్చాయి. ఎండలు ముదిరే నెలల్లో బడి మూయడం ఆనవాయితీ అయింది.

తెలుగు ఇళ్లలో ఆ నెలలకే మరో పేరుంది. వైశాఖ, జ్యేష్ఠాలు పెళ్లిళ్ల కాలం. పంటలు ఇంటికి చేరి ఉంటాయి, చుట్టాలకు తీరిక ఉంటుంది, ముహూర్తాలుంటాయి. ఆరేళ్ల పిల్లా ఎనిమిదేళ్ల పిల్లా పెళ్లిపీటల మీద కూర్చునేది అప్పుడే. విజయనగరం సంస్థానాధిపతి ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కపు పెళ్లిళ్ల లెక్క తీయించారు. గురజాడ అప్పారావు 1897లో అచ్చువేసిన కన్యాశుల్కం నాటకానికి రాసిన ముందుమాటలో ఆ లెక్క ఉంది. మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు 1,034. వారిలో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఐదేళ్లు కూడా నిండని వారు మరికొందరు. బడిలో అక్షరాభ్యాసం చేయవలసిన వయసుకు ఆ పిల్లలకు పెళ్లయిపోయింది.

అప్పటి బాలికా పాఠశాలలు చాలావరకు చిన్న తరగతులకే పరిమితం కావడానికి కారణం ఇదే. పదకొండు, పన్నెండేళ్ల పిల్ల బడికి రావడం వింత. కాపురానికి పంపే వయసు దగ్గరపడితే చదువు సగంలో ఆగేది. ఆ కాలపు బాలికల బడి అంటే నాలుగైదు తరగతులు, అందులోనూ కిందివి నిండుగా, పైవి ఖాళీగా.

ఈ స్థితిలోనే కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టారు. అదే ఏడాది వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. స్త్రీ విద్యను వ్యతిరేకిస్తూ కొక్కొండ వెంకటరత్నం పంతులు తన ఆంధ్రభాషా సంజీవనిలో రాస్తుంటే, వీరేశలింగం వివేకవర్ధనిలో జవాబు చెప్పేవారు. పత్రికల్లో ఈ వాదం ఎంత హోరుగా సాగినా, తల్లిదండ్రుల మనసు మారింది చాలావరకు కళ్లతో చూసి. 1883లో వీరేశలింగం స్త్రీల కోసమే సతీహితబోధిని తెచ్చారు. బడిలో చదవడం నేర్చి ఇంటికి వెళ్లిపోయిన పిల్ల చేతికి తరవాత చదవడానికి ఏదో ఒకటి అందాలి కదా. ఆ పత్రిక ఉద్దేశం అదే.

కళ్లతో చూపించడానికి ఏడాది చివరి సభ ఉపయోగపడింది. బడి వసారాలోనో, ఊళ్లో పెద్దమనిషి ఇంటి హాల్లోనో సభ జరిగేది. కలెక్టరో, జడ్జీయో, జమీందారో అధ్యక్షుడు. కొన్నిచోట్ల దొరసానులు వచ్చేవారు. పంతులు ఏడాది నివేదిక చదివేవాడు: పిల్లలెందరు చేరారు, ఎందరు మిగిలారు, పరీక్షలో ఎందరు నెగ్గారు, ఎవరు ఎంత చందా ఇచ్చారు. ఆ తరవాత పిల్లలు పద్యాలు చదివేవారు, పటంలో ఊళ్లు చూపించేవారు, కుట్టిన గుడ్డలు తెచ్చి చూపేవారు, కోలాటం వేసేవారు. బహుమతులుగా పుస్తకాలు, రవిక గుడ్డలు, బొమ్మలు. ఎనిమిదేళ్ల కూతురు నలుగురి ముందు నిలబడి తప్పులేకుండా చదువుతుంటే తండ్రికి కలిగే గర్వం, ఆ తండ్రి మరుసటి ఏడాది కూడా ఆమెను పంపడానికి పనికొచ్చేది. కోలాటాన్ని బడి కొత్తగా కనిపెట్టలేదు. ఇంట్లో, గుడిలో పిల్లలకు అప్పటికే వచ్చిన ఆటను సభలోకి తేవడం వల్ల బడి పరాయిదన్న భయం కొంత తగ్గింది.

ఒక చిక్కు మాత్రం ఈ సభలతో తీరలేదు. పరీక్షించే ఇనస్పెక్టరూ మగవాడే, చెప్పే పంతులూ మగవాడే. పదేళ్లు దాటిన పిల్లను పంపడానికి ఇళ్లలో జంకు. 1880లో మద్రాసు సర్కారు బాలికల బడుల కోసం ఇసబెల్ బ్రాండర్‌ను ఇనస్పెక్ట్రెస్‌గా వేసింది. ఉపాధ్యాయినుల కొరత ఇంకా చాలాకాలం వేధించింది. ఆ కొరతను తీర్చినవారిలో చాలామంది చిన్నతనంలో భర్త పోయిన స్త్రీలే. పదకొండేళ్లకే వితంతువైన సుబ్బలక్ష్మి 1911లో పట్టభద్రురాలై, తనలాంటి పిల్లల్ని మద్రాసులో ఒక ఇంట చేర్చి టీచర్లుగా తయారుచేశారు. ఊరంతా ఆమెను సిస్టర్ సుబ్బలక్ష్మి అనేది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం స్థాపించారు. తరవాత పార్లమెంటు సభ్యురాలైన సంగం లక్ష్మీబాయి చదువుకున్నది అక్కడే. బాల్య వివాహం బడి నుంచి లాక్కుపోయిన పిల్లలే పెద్దయ్యాక తిరిగి వచ్చి, చిన్నపిల్లల్ని బడిలో నిలబెట్టే మనుషులయ్యారు.

చట్టం కూడా నెమ్మదిగా కదిలింది. 1891లో దాంపత్యానికి కనీస వయసు పన్నెండేళ్లన్నారు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును పద్నాలుగు చేసింది. స్వతంత్రం వచ్చాక అది పదిహేనై, 1978లో పద్దెనిమిదైంది. కాగితం మీది ప్రతి మార్పూ బడిలో మరికొన్ని తరగతులకు వీలు కల్పించింది. అయితే పై తరగతులు ఊళ్లో ఉంటేనే ఆ వీలు అక్కరకొచ్చేది.

హైదరాబాదులో ఆ లోటు మరోలా కనిపించింది. నిజాం రాజ్యంలో ఉన్నత విద్య ఉర్దూలో. తెలుగు ఇళ్లలోని ఆడపిల్లలకు సొంత భాషలో పై తరగతులు చదివే దారి లేదు. మాడపాటి హనుమంతరావు, ఆయన తోటివారు 1928లో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల స్థాపించారు. నారాయణగూడలోని ఆ బడి ఇప్పుడు మాడపాటి వారి పేరుతోనే ఉంది. బడి పెట్టడం ఒక ఎత్తు, ఏడాది చివర పరీక్ష పెట్టించడం మరో ఎత్తు. తెలుగులో చదివిన పిల్లలకు ఉస్మానియా పరీక్ష పెట్టదు. మాడపాటి వారు మహారాష్ట్ర వైపు చూశారు. ధోండో కేశవ కర్వే 1916లో మహిళల కోసం నెలకొల్పిన విశ్వవిద్యాలయం మాతృభాషలో చదువును గుర్తిస్తుంది. తెలుగు పిల్లలు అక్కడి మెట్రిక్యులేషన్‌కు కట్టి నెగ్గారు. తరవాత తెలంగాణ సాయుధ పోరాటంలోకి దిగి, శాసనసభకు ఎన్నికైన ఆరుట్ల కమలాదేవి పెళ్లయ్యాక వచ్చి చదువుకున్నది ఈ బడిలోనే. పెళ్లితో చదువు ఆగిపోవాలన్న నియమాన్ని ఆ బడి ఆమె విషయంలో పక్కన పెట్టింది.

ఆ బడి చుట్టూ ఒక స్త్రీ సమాజం కూడా పెరిగింది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభతో పాటు మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. 1935 సిరిసిల్ల మహిళా సభకు మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షత వహించారు. బడి సభలో బిడ్డ పద్యం విన్న తల్లికి, తానే లేచి మాట్లాడే సభలు కూడా ఆ దశాబ్దంలోనే దొరికాయి.

మద్రాసులోని తెలుగువారి కథకు దుర్గాబాయి కేంద్రం. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పదిహేనేళ్లకు, కాపురానికి వెళ్లనని తేల్చి చెప్పి, భర్తను మరో పెళ్లి చేసుకోమన్నారు. అంతకుముందే ఇంగ్లీషు చదువు మానేసి, హిందీ నేర్చుకుని, కాకినాడలో ఆడవాళ్లకు హిందీ బడి నడిపారు. తాను ఇంకా పిల్ల, తన దగ్గర చదివేవారిలో తల్లి వయసు వారున్నారు. 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయన మాట వినేలా సభ ఏర్పాటు చేసినదీ ఆ పిల్లే. గాంధీకి ఇచ్చే నిధికి కావలసిన ఐదువేల రూపాయలు పోగుచేశారు. 1930లలో మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల ఆడపిల్లల్ని చేర్చి, పాటలు, నాటకాలు, హిందీ పాఠాలతో ఒక చిన్న సంఘం నడిపారు. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. అది పెరిగి 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది.

పిల్లల సంఘం నుంచి పుట్టిన ఆ సభ తన పెద్ద పనిగా ఎంచుకున్నది మధ్యలో బడి వదిలిన స్త్రీల చదువు. కొన్నేళ్ల పాఠాలను తక్కువ కాలంలో చెప్పి, కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు పంపేవారు. దుర్గాబాయి స్వయంగా ఆ పరీక్ష దారినే పైకి వచ్చారు. 1958లో కేంద్రం వేసిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఆడపిల్లల చదువు, మగపిల్లల చదువు మధ్య దూరాన్ని ప్రత్యేక సమస్యగా పట్టించుకుని, ప్రత్యేకంగా డబ్బు పెట్టాలని 1959 నాటి ఆ నివేదిక గట్టిగా అడిగింది.

అదే మద్రాసులో 1930లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఒక ఇల్లు తెరిచారు. దేవదాసీ కుటుంబాల నుంచి బయటపడి వచ్చిన ఆడపిల్లల్ని నగరంలోని హాస్టళ్లు చేర్చుకోకపోతే తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ ఇంటికి అవ్వై పేరు పెట్టారు. మన్రో లెక్కలో చదువుకున్న ఆడపిల్లల్లో ఎక్కువమంది ఎవరి బిడ్డలో, నూరేళ్ల తరవాత ఆ కుటుంబాల పిల్లలకే మామూలు బడి కావలసి వచ్చింది. తగడూరు కవయిత్రి పేరు పెట్టుకున్న అవ్వై హోమ్ అడయారులో ఇప్పటికీ బడులు నడుపుతోంది.

చదువు సంగతి ఇలా ఉండగా ఆకలి సంగతి ఒకటుంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఆయన తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టారు. ఖర్చు పిల్లకో అణా మించకూడదని నిబంధన. 1956లో కామరాజు దాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించారు. 1982 జూలై 1న ఎం.జి.రామచంద్రన్ పోషకాహార పథకంగా పెంచారు. 2022 సెప్టెంబరు 15న ఉదయపు టిఫిను కూడా చేరింది. అన్నం పెట్టే బడికి పిల్లలొస్తారు. అందువల్లే వేసవి సెలవులు పేద ఇంటికి మరోవిధంగా బరువు. కరువు ప్రాంతాల్లో సెలవుల్లోనూ భోజనం ఆపవద్దని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది.

మొరప్పూరు వైపు తిరిగి చూస్తే ఆకలితో పాటు దూరం సంగతీ కనిపిస్తుంది. 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి సన్న పట్టాల రైలు వేశారు. 1913లో అది హోసూరు దాకా సాగింది. 1941లో, యుద్ధకాలంలో, ఆ మార్గాన్ని మూసేశారు. పై చదువుకు దారి దూరమైతే నష్టపోయేది మొదట ఆడపిల్లే. మగపిల్లవాడు నడిచైనా పోతాడు, ఊళ్లో ఎవరింట్లోనైనా పడుకుంటాడు. ఆడపిల్ల విషయంలో ఇల్లు ఒప్పుకోదు. తమిళనాడు సర్కారు ఈ శతాబ్దం మొదట్లో హైస్కూలు పై తరగతుల ఆడపిల్లలకు ఉచితంగా సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టడానికి కారణం ఈ దూరమే.

ధర్మపురి 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపడి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి దాని నుంచి విడిపోయింది. ఈ రెండు జిల్లాల్లో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే కుటుంబాలు చాలా ఉన్నాయి. హోసూరు వైపు తెలుగు మాధ్యమం బడులూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడు మొత్తంలో అక్షరాస్యత అతి తక్కువగా తేలిన జిల్లా ధర్మపురి. ఆడశిశువులను పుట్టగానే చంపడాన్ని ఆపాలని 1992లో సేలంలో మొదలైన ఊయల శిశు పథకాన్ని 2001లో ధర్మపురికీ తెచ్చారు. పెంచుకోలేని బిడ్డను ఊయలలో వదిలితే సర్కారు బాధ్యత తీసుకుంటుంది. ఈ చరిత్ర ఉన్న జిల్లాలో ఐదో తరగతి పూర్తిచేసిన ఒక్కో ఆడపిల్ల పేరూ సభలో గట్టిగా చదవవలసిన వార్త.

ఇప్పుడు అక్కడి బడుల్లో ఏడాది ముగింపు ఒక్కసారే వచ్చేది కాదు. 2012-13 నుంచి చిన్న తరగతులకు మూడు టర్ముల పద్ధతి తెచ్చి, పిల్లల సంచీ బరువు తగ్గేలా టర్ముకో పుస్తకం ఇచ్చారు. మొదటి టర్ము దసరా ముందు, రెండోది క్రిస్మస్ సెలవుల దగ్గర, మూడోది ఏప్రిల్‌లో ముగుస్తాయి. దసరాకు ఆయుధపూజ, సరస్వతీపూజ అయ్యాక విజయదశమి నాడు కొత్త పిల్లల్ని చేర్చుకోవడం తమిళనాట ఆనవాయితీ. పాత వీధిబడి పండగా, కొత్త బడి టర్మూ అక్కడ ఒకే వారంలో కలిశాయి. ఇప్పుడు ఆ వరసలో ఆడపిల్లలున్నారు.

సభలో కుర్చీలు కూడా మారాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ఒకప్పుడు జమీందారు కూర్చున్న వరసలో ఇప్పుడు కూలి పనికి వెళ్లొచ్చిన తల్లి కూర్చుంటుంది. బడి మరుగుదొడ్డి గురించి, రాని టీచరు గురించి అడిగే హక్కు ఆమెకు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న సర్కారు బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. పిల్లల మార్కుల కార్డు ఇంటికి పంపి ఊరుకోకుండా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఇలాగే పాదుకుంటుంది.

వేసవికి మాత్రం పాత లక్షణం పూర్తిగా పోలేదు. బాల్య వివాహాలు తరచుగా బయటపడే తమిళనాడు జిల్లాల్లో ధర్మపురి ఒకటి. ఐదో తరగతి పిల్లకు ఆ ప్రమాదం ఇప్పుడు తక్కువ. ఎనిమిది, పది తరగతుల పిల్లకు ఉంది. తమిళనాడు 1989లో మూవలూరు రామామృతం అమ్మాళ్ పేరుతో పేద ఆడపిల్లల పెళ్లికి డబ్బు సాయం మొదలుపెట్టినప్పుడు, ఎనిమిదో తరగతి దాకా చదివి ఉండాలని షరతు పెట్టింది. పెళ్లి సొమ్ము ఆశతోనైనా ఇల్లు బిడ్డను చదివించాలని ఆ ఏర్పాటు. 2022లో దాన్నే పుదుమై పెణ్ పథకంగా మార్చి, ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివి కాలేజీలో చేరిన అమ్మాయికి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. ఒకప్పుడు పెళ్లిపందిరికి వెళ్లిన డబ్బు ఇప్పుడు కాలేజీ ఫీజుకూ బస్సు ఛార్జీకీ వెళుతోంది.

ఆరో తరగతి నుంచి అన్నది ఈ షరతులో గమనించదగ్గ మాట. ఆ వెయ్యి రూపాయల దారి చిన్నపిల్లల బడి ముగిసే ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. ఐదో తరగతి పిల్ల ఆ వేసవి తరవాత ఏ బడిలో చేరుతుందో ఆమె తల్లికి వార్షికోత్సవం నాడే తెలిసి ఉండాలి. పాతకాలపు సభల్లో పంతులు చేరిన వారి సంఖ్యా, మిగిలిన వారి సంఖ్యా పక్కపక్కనే చదివేవాడు. మొరప్పూరు పక్క ఊళ్లలోనైనా, మన అనంతపురం, మహబూబ్‌నగర్ పల్లెల్లోనైనా బాలికల బడి వార్షిక నివేదికలో బహుమతుల జాబితా కంటే ముందు చదవవలసింది అదే లెక్క: గత ఏప్రిల్‌లో మన బడి దాటి వెళ్లిన ఆడపిల్లలెందరు, జూన్‌లో వారిలో ఎందరు ఆరో తరగతిలో కూర్చున్నారు, రానివారి ఇంటికి ఎవరు వెళ్లి అడిగారు.